నీ ఎడమా, నా ఎడమా?

“కుడి, కుడి అంటూ పద్దెనిమిదేళ్ళు తిప్పావు వెర్నర్. ఏదీ, ఎక్కడుంది నీ కుడి?”

“ముందు నీ ఎడమ ఎక్కడుందో చెప్పు. నా కుడి సంగతి తర్వాత చెబుతాను.”

“నోటుబుక్కులో ఎడమ అనే ఉంది. ‘పెరడు, అయిదు మెట్లు, తలుపు ఎడమ పక్క.’ షూటింగు రోజున అక్కడే నిలబడి షాట్ల వివరాలు రాసుకున్న స్క్రిప్టు అమ్మాయి రాత అది.”

“ఆ మనిషి ఆ రోజు పొద్దున్నే బీరు తాగి ఉంటుంది. సినిమాలో తలుపు కుడిపక్క కనిపిస్తోంది. నోటుబుక్కు కోసం నా కళ్ళు పీకి బల్లమీద పెట్టమంటారా మీరు?”

‘మీరు’ అన్నాడంటే వ్యవహారం ముదిరిందన్నమాట. కోపెన్‌హేగన్‌లో ఎవరూ ఎవరినీ మీరు అనరు. అంటే అది గౌరవం కాదు, మొహం మీద తలుపు వెయ్యడం.

ఈ గొడవంతా అస్గర్ చెవిన పడుతోంది. అతను వాల్బీ పేటలోని ఆ కాఫీ హోటల్ అద్దాన్ని వీధివైపు నుంచి తుడుస్తున్నాడు. గాలి కోసం అద్దం పైన చిన్న రెక్క తెరిచి పెట్టారు. అస్గర్‌కి పాతికేళ్ళు. ఇంజనీరింగు మూడు సెమిస్టర్లు చదివి, కుర్చీలో కూర్చోవడం తన వల్ల కాదని తేలగానే లేచి వచ్చేశాడు. అప్పటినుంచి నిచ్చెన, బకెట్, రబ్బరు అంచున్న కర్ర, ముందు పెట్టె ఉన్న మూడు చక్రాల సైకిలు. ఊళ్ళో ఎవరి ఇంటి వెనక ఏముందో అతనికి తెలిసినట్టు పోలీసులకి కూడా తెలియదు.

లోపల బల్ల దగ్గర ఇద్దరే ఉన్నారు. ఆవిడ రిగ్మోర్. డెబ్బై రెండేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపింది. కూర్చున్నా సరే, రెండు చేతులూ బల్ల అంచుమీద స్టీరింగు పట్టుకున్నట్టే ఉంటాయి. ఎదురుగా ఉన్నాయన వెర్నర్. ఫిజిక్స్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఇద్దరూ కలిసి ‘మేనత్త బీరువా’ అభిమాన సంఘం నడుపుతున్నారు. తొమ్మిది మంది సభ్యులు, అందులో మాట్లాడేది ఈ ఇద్దరే.

‘మేనత్త బీరువా’ ఆ దేశంలో డెబ్బై ఒకటిలో వచ్చిన హాస్య సినిమా. చచ్చిపోయిన మేనత్త బీరువాని ఇద్దరు బావమరుదులు ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి మోసుకుపోతారు. అంతే కథ. ఒకడు ముందుకి నడుస్తాడు, రెండోవాడు వెనక్కి నడుస్తాడు. ముందువాడు “బావా, ఎడమకి తిప్పు” అంటాడు. వెనకవాడు ఆగి, ఆలోచించి, “నీ ఎడమా, నా ఎడమా?” అంటాడు. ఈలోపు బీరువా వెళ్ళి దేన్నో గుద్దుకుంటుంది. ఏటా ఈస్టరు సెలవుల్లో టీవీలో వేస్తారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, మళ్ళీ ఏడాది అదే చోట మళ్ళీ నవ్వుతారు.

ఆ బీరువా ఆగిన చోట్లు నలభై ఏడు. రిగ్మోర్ నలభై ఆరు పట్టుకుంది. అన్నింటికీ ఫొటోలు తీసింది. అప్పటి సినిమా బొమ్మ ఒకటి, ఇప్పటి ఫొటో ఒకటి, జతలు జతలుగా. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి వాల్బీ లైబ్రరీలో వాటి ప్రదర్శన. నలభై ఆరు జతలు ఇప్పటికే గోడెక్కాయి. నలభై ఏడో చట్రంలో సగమే నిండింది. ఇవాళ గురువారం.

“ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో నేను చూపించిన పెరడు పెట్టేద్దాం,” అన్నాడు వెర్నర్ గొంతు తగ్గించి. “తలుపు కుడి. మెట్లు అయిదు. అచ్చం అలాగే ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది.”

“ఖాళీ చట్రం వేలాడదీస్తే జనం నవ్వుతారు.”

“నవ్వనీ. హాస్య సినిమాయేగా. అలాగే ఉండటం వేరు, అదే కావడం వేరు వెర్నర్. నీ పెళ్ళాం లాంటిదాన్ని తెచ్చి ఇంట్లో కూర్చోబెడితే ఊరుకుంటావా?”

“ఆవిడ కంటే తక్కువ మాట్లాడేదైతే ఆలోచిస్తాను.”

రిగ్మోర్ నవ్వలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ షీటు ఒకటి తీసింది. ఎక్స్‌రే రేకులా పారదర్శకంగా ఉంటుంది. దాని మీద సినిమాలోని ఆ చివరి దృశ్యం అచ్చు వేయించింది. ఆవిడ పని పద్ధతే అది. ఎక్కడికెళ్ళినా ఆ షీటుని కంటి ముందు చాచి పట్టుకుంటుంది. షీటులోని పొగగొట్టం ఎదురుగా ఉన్న పొగగొట్టం మీద కూర్చునేదాకా ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తుంది. కూర్చుంటే అదే చోటు. లేకపోతే షీటు చుట్టి సంచిలో పెట్టుకుని, మారు మాట లేకుండా ఇంటికి పోతుంది. అడ్డదారి తెలియని మనిషి. బస్సు నడిపిన రోజుల్లో మొదలైన పిచ్చి ఇది. ఆఖరి స్టాపులో ఏడు నిమిషాలు ఆగాలి. మిగతా డ్రైవర్లు సిగరెట్టు కాల్చుకునేవారు, ఈవిడ కెమెరా పట్టుకుని దిగేది. మొదటి పన్నెండు ఫొటోల్లో ఓ మూల పసుపుపచ్చ బస్సు ముక్క కనిపిస్తూనే ఉంటుంది.

వెలుతురు కోసం ఆ షీటుని అద్దంవైపు ఎత్తి పట్టుకుంది. “చూడు. పొగగొట్టం ఎడమ. ఇటుకలతో మూసేసిన కమాను ఎడమ. తలుపు మాత్రం నువ్వన్నట్టు కుడి. పుస్తకమేమో తలుపు ఎడమంటుంది. తలుపూ పొగగొట్టమూ రెండూ ఎడమనే ఉండే పెరడు కోసం ఈ ఊళ్ళో నేను తొక్కని గడప లేదు.”

అద్దానికి ఇవతల అస్గర్ చేతిలో కర్ర ఆగిపోయింది. సబ్బు నురగ మధ్య తుడిచిన పట్టీలోంచి ఆ బొమ్మ అతని మొహానికి జానెడు దూరంలో ఉంది. అయిదు మెట్లు, ఇనుప చువ్వల రెయిలింగు, మూసేసిన కమాను. నెలకోసారి తను బకెట్ దించే చోటు.

అద్దం మీద వేలితో కొట్టాడు. వాళ్ళు తలెత్తేసరికి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు, తడి బూట్లతోనే.

“ఆ పెరడు నాకు తెలుసు.”

“నువ్వెవరు?” అన్నాడు వెర్నర్.

“అద్దాలు తుడిచేవాణ్ణి. కనిపించడం లేదా? ఆ మెట్లెక్కి రెండో అంతస్తుదాకా తుడుస్తాను. ఏదీ, ఇటివ్వండి.”

రిగ్మోర్ షీటు అతని చేతికిచ్చింది. అస్గర్ చూశాడు. మొహం మాడిపోయింది. అవే మెట్లు. అదే కమాను. కానీ అది కాదు. తను ఎక్కే మెట్లు ఇలా ఉండవు. ఎలా ఉండవో మాత్రం నోటికి రావడం లేదు.

“ఏం, జారిపోయిందా?” అన్నాడు వెర్నర్. “ఇలాంటివాళ్ళు ఏడాదికి పదిమంది వస్తారు. మా పిన్నిగారి పెరడంటారు, మా ఆఫీసు వెనకంటారు. కాఫీ తాగి పోతారు.”

“నీ కాఫీ నాకక్కర్లేదు. అబద్ధం చెప్పడానికి నాకేం పని? బయటినుంచి చూస్తే అదే. లోపలికొచ్చి చూస్తే కాదు. అంతే నాకు తెలిసింది.”

“బయటినుంచి చూస్తే ఒకటి, లోపలినుంచి చూస్తే ఇంకొకటీనా? ఇదేం గారడీ?”

రిగ్మోర్ చెయ్యి చాచింది. అస్గర్ చేతిలోంచి షీటు తీసుకుంది. అద్దం మీద బంగారు రంగులో రాసిన హోటల్ పేరుని చూసింది. లోపలినుంచి ఆ అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ కాఫీ తాగుతోంది, ఆ తిరగబడ్డ పేరుని ఒక్కసారైనా పట్టించుకోలేదు. షీటుని మెల్లగా తిరగేసి, వెనకవైపు ముందుకి పెట్టి, బల్ల మీద పరిచింది. తలుపు ఎడమకి వచ్చింది. పొగగొట్టం కుడికి పోయింది.

“ఇది,” అన్నాడు అస్గర్. “ఇదే. నా తల తీసి బల్లమీద పెడతాను, ఇదే.”

“వెర్నర్,” అంది రిగ్మోర్. “ఆ సినిమాలో తప్పులని ఓ పట్టిక రాశావు కదా. అందులో తొమ్మిదోది ఏమిటి?”

వెర్నర్‌కి ఆ పట్టిక మొత్తం కంఠతా వచ్చు. అరవై మూడు తప్పులు, సొంత ఖర్చుతో అచ్చు వేయించి పంచాడు. “తొమ్మిది. చివరి దృశ్యంలో బావ పెళ్ళి ఉంగరం ఎడమచేతికి ఉంది. సినిమా అంతా కుడిచేతికే ఉంది. నటుడి నిర్లక్ష్యం…” అని ఆగిపోయాడు. తన కుడిచేతి ఉంగరం వంక చూసుకున్నాడు. ఆ దేశంలో పెళ్ళయినవాళ్ళందరికీ అక్కడే ఉంటుంది.

“ఉంగరం మారలేదు. బొమ్మ తిరగబడింది. రీలు అతికేవాడు ఆ ముక్కని తిరగేసి అతికాడు. బీరువా అంతకుముందు షాటులో ఎటు పోతోందో ఇక్కడా అటే పోవాలని వేసుంటాడు.” రిగ్మోర్ కుర్చీ వెనక్కి నెట్టింది. “ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి అద్దాలూ ప్రతిబింబాలూ పాఠం చెప్పావు నువ్వు.”

“అది తొమ్మిదో తరగతి సిలబస్. మనం చదివింది సినిమా,” అన్నాడు వెర్నర్ పేలవంగా. చెవులు ఎర్రబడ్డాయి. ఇంకాసేపటికి మళ్ళీ అన్నాడు, “ఛ. తొమ్మిదో తప్పు కొట్టేయాలి.”

“ఎక్కడబ్బాయ్ అది?” రిగ్మోర్ అప్పటికే కోటు తొడుక్కుంటోంది, ఒక చెయ్యి దూరలేదు.

“సూడ్‌హావ్న్ పేట. పాత బస్సుల ఆఖరి స్టాపు ఉండేది చూడు, దాని వెనక గోడ.”

దూరని చెయ్యి అలాగే ఆగిపోయింది. “ఆ స్టాపులో తొమ్మిదేళ్ళు బస్సు ఆపాను. ఆ గోడకి ఆనుకుని రొట్టె తినేదాన్ని.”

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

రెండైంది. అక్టోబరు నెల, మూడు దాటితే పెరళ్ళలో ఎండ ఉండదు. సినిమా బొమ్మలో మెట్లమీద ఎండ ఉంది. ఎండ లేకుండా ఆవిడ ఫొటో తియ్యదు. రేపు వాన అని రేడియో చెబుతోంది. ఇంక చూసుకోండి. అస్గర్ సైకిలు పెట్టెలో బకెట్ల మధ్య రిగ్మోర్ కూర్చుంది, ఒళ్ళో కెమెరా సంచి, భుజం మీద నిచ్చెన కొస. సగం తుడిచిన హోటల్ అద్దం మీద నురగ ఎండిపోతుంటే యజమాని వీధిలోకొచ్చి ఏదో అరిచాడు. అస్గర్ వెనక్కి చూడలేదు.

“తొందరగా తొక్కు.”

“తొక్కుతున్నాను. తక్కువ బరువేం కాదు నువ్వు.”

“పొద్దున కార్జం ముద్ద రాసిన నల్లరొట్టెలు నాలుగు తిన్నాను. ఇక్కడ కుడికి తిరగకు, సిగ్నలు ఉంటుంది. తిన్నగా పో, బేకరీ దగ్గర ఒక్క నిమిషం ఆపు.”

“ఎండ పోతుందన్నావు?”

“ఒకరి పెరట్లోకి ఉత్తచేతులతో వెళ్ళను. నలభై ఆరు పెరళ్ళకీ దాల్చినచెక్క రొట్టెలు పట్టుకెళ్ళాను, నలభై ఏడోది ఏం పాపం చేసింది?”

వెర్నర్ తన సైకిలు మీద వెనకాల రొప్పుతూ వస్తున్నాడు. ప్రతి మలుపులోనూ “ఇంకా ఖాయం కాలేదు, గుర్తుపెట్టుకోండి, ఇంకా ఖాయం కాలేదు” అంటున్నాడు. అంటూనే ఇద్దర్నీ దాటి ముందుకి వెళ్ళిపోయాడు.

గేటు తాళం వేసి ఉంది. అస్గర్‌కి నెలలో మొదటి సోమవారమే తాళంచెవి ఇస్తారు. గోడకి బెల్లుల పలక, పదహారు పేర్లు. ప్రతి పేరు పక్కనా అంతస్తు, ఎడమో కుడో. ఒకటి ఎడమ, ఒకటి కుడి, రెండు ఎడమ, రెండు కుడి.

“మన ప్రాణానికి ఇదొకటి,” అన్నాడు వెర్నర్. “ఏది నొక్కను?”

“అన్నీ నొక్కు.”

మొదటి పద్నాలుగూ పలకలేదు. పదిహేనోది పలికింది. ఆడగొంతు, నిద్ర చెడినట్టుంది. “ఎవరు?”

రిగ్మోర్ పలకలోని మాట్లాడే పెట్టెకి మొహం ఆనించి చెప్పుకొచ్చింది. సినిమా అంది, ఫొటో అంది, లైబ్రరీ అంది, శనివారం అంది.

“అందరూ ఏదో ఒక కథ చెబుతారమ్మా,” అంది ఆ గొంతు. “పోయిన వారం గ్యాసు మీటరు చూడాలని ఒకడొచ్చాడు. రెండు సైకిళ్ళు పోయాయి. గేటు తియ్యను, ఏమనుకోకు.”

పెట్టె మూగబోయింది. రిగ్మోర్ మెడ ఎత్తి ఎండ చూసింది. వీధివైపు అది అప్పటికే పై అంతస్తు కిటికీలకి ఎక్కుతోంది. ఆవిడ మళ్ళీ అదే బెల్లు నొక్కింది. ఈసారి ఏమీ వివరించలేదు. గొంతు మార్చి, ఆ సినిమాలో ముందు నడిచే బావ ఎలా ఆయాసపడతాడో అలా ఆయాసపడుతూ అంది:

“బావా, ఎడమకి తిప్పు.”

పెట్టెలో గరగర. ఓ క్షణం పోయింది. రెండు క్షణాలు పోయాయి. తర్వాత ఆ గొంతు, వెనక నడిచే బావమరిది లాగా సాగదీసి, “నీ ఎడమా… నా ఎడమా?” అంది.

గేటు గొళ్ళెం బర్రుమని ఊడింది.

ముగ్గురూ పెరట్లోకి అడుగు పెట్టారు. అయిదు మెట్లు, ఎడమ పక్క తలుపు. కుడిపక్క ఇటుకలతో మూసేసిన కమాను. సినిమాలో దాని మీదుండే వంకర టోపీ పోయిందిగానీ పొగగొట్టం ఉంది. మూడో మెట్టు అంచు చెంపదెబ్బ తిన్నట్టు ఊడిపోయి ఉంది. సినిమాలో బీరువా జారుతూ కొట్టిన దెబ్బ. వెర్నర్ మోకాళ్ళ మీద కూలబడి, ఆ పెచ్చులో బొటనవేలు పెట్టాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి అతను ఏ తప్పూ పట్టలేదు.

పై నుంచి ఇంటి చెప్పులతో ఒకావిడ దిగొచ్చింది. పేరు యూటె. “ఇక్కడా తీసింది?” అంది. “ముప్పై ఏళ్ళుగా ఈ మెట్లు దిగుతున్నాను. ప్రతి ఈస్టరుకీ చూసి నవ్వుతూనే ఉన్నాను. మెట్లు చూసి ఎప్పుడూ…”

“తిరగబడింది చూసి నవ్వావు,” అన్నాడు అస్గర్. “రొట్టె తీసుకో.”

చిక్కల్లా ఒకటే. అప్పుడు కెమెరా పెట్టిన చోటుకి అడ్డంగా ఇప్పుడు చెత్తడబ్బాల షెడ్డు ఉంది. దాని వెనక నిలబడితే రేకు తప్ప ఏమీ కనబడదు. రిగ్మోర్ షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగింది. అస్గర్ వంక చూసింది. నిచ్చెన వంక చూసింది.

“ఎక్కగలవా?” అన్నాడతను.

“ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు ఎక్కాను.”

“బస్సుకి రెండే మెట్లు.”

“రోజుకి ఎన్నిసార్లో నీకేం తెలుసు? పట్టుకో.”

ఆవిడ ఎక్కింది. నాలుగో మెట్టు మీద నిలబడి, షెడ్డు పైనుంచి షీటుని తిరగేసి కంటి ముందు చాచింది. అస్గర్ కింద ఆవిడకి ఎదురుగా, షెడ్డుకీ నిచ్చెనకీ మధ్య ఇరుక్కుని, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. ఎండ రెండో మెట్టుని వదిలి మూడో మెట్టుకి పాకుతోంది.

“కాస్త ముందుకి. చాలు. కమాను కూర్చుంది. పొగగొట్టం ఇంకా కూర్చోలేదు.” ఆవిడ షీటు దించి, మళ్ళీ ఎత్తింది. “నిచ్చెన బెత్తెడు ఎడమకి జరుపు.”

అస్గర్ నిచ్చెన పట్టు బిగించి, నిజంగానే అర్థం కాక అడిగాడు. “నీ ఎడమా, నా ఎడమా?”

యూటె నోట్లో రొట్టె ఆగిపోయింది. ముందు వెర్నర్ మొదలుపెట్టాడు. మెట్ల మీద కూర్చుని, కళ్ళజోడు తీసి, మొహం చేతుల్లో దాచుకుని నవ్వాడు. ఏం జరిగిందో అర్థమయ్యాక అస్గర్‌కి నిచ్చెన పట్టుకోవడం కష్టమైంది. పైన రిగ్మోర్ మాత్రం నవ్వుని పళ్ళ మధ్య బిగబట్టి, “నాది, నాది, వెధవా, నాది, కదపకు ఇంక,” అంది. కెమెరా క్లిక్‌మంది. ఇంకోసారి. ఇంకోసారి. తర్వాత ఎండ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆవిడ కిందికి దిగింది. వెళ్ళి ఆ పెచ్చు ఊడిన మెట్టుమీదే కూర్చుంది. కెమెరా వెనక అద్దంలో బొమ్మ చూపించింది. నాలుగు తలలు దాని మీద వాలాయి.

“బ్రహ్మాండం,” అన్నాడు వెర్నర్ కళ్ళు తుడుచుకుంటూ. “ఇంటికెళ్ళి కంప్యూటర్లో తిరగేసేస్తే సినిమా బొమ్మతో అచ్చంగా సరిపోతుంది. పక్కపక్కన పెడితే తేడా ఉండదు.”

“తిరగెయ్యను.”

“రిగ్మోర్, తిరగెయ్యకపోతే చూసేవాళ్ళకి అర్థం కాదు. మనకే పద్దెనిమిదేళ్ళు పట్టింది.”

“తలుపు ఎడమనుంటే ఎడమే. సినిమా వాడు తిరగేశాడని ఊరిని తిరగేస్తానా?”

“మరి సినిమా బొమ్మని తిరగేద్దాం.”

“అదీ తిరగెయ్యను. జనం ఏటా చూసి నవ్విన బొమ్మ అది.”

“పెట్టినవి రెండూ ఎదురుబొదురుగా ఉంటాయి, ఒకదానికొకటి సరిపోకుండా. చట్రంలో అదేం అందం?” అని వెర్నర్ అస్గర్ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పవయ్యా. నీకెలా అర్థమైంది?”

“నాకు ఎవరూ చెప్పలేదు. అద్దానికి అవతల ఉన్నాను, అంతే,” అన్నాడు అస్గర్ నిచ్చెన మడుస్తూ.

రిగ్మోర్ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు అతని వంక, అతని బకెట్ వంక చూసింది. సంచిలోంచి ఆ ప్లాస్టిక్ షీటు మళ్ళీ తీసి, ముడతలు పోయేలా మోకాలి మీద నిమిరింది.

“అబ్బాయ్, లైబ్రరీకి వీధివైపు పెద్ద అద్దం ఒకటుంది. దాన్ని ఎన్నాళ్ళనుంచి తుడవలేదో దేవుడికెరుక. చట్రంలో ఫొటో ఉన్నదున్నట్టే పెడతాను, ఈ షీటు మాత్రం ఆ అద్దానికి అతికిస్తాను. లోపలినుంచి చూసినవాళ్ళకి సినిమా, బయటికెళ్ళి చూసినవాళ్ళకి ఈ పెరడు. శనివారం పన్నెండుకి ముందు వచ్చి ఆ అద్దం తుడిచిపెడతావా? రెండు వైపులా.”